బోస్టన్ మొలాసిస్ వరద, మా పాప ప్రశ్నలు

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు గమనించే ఉంటారు, ఈ దేశ చరిత్ర ముందుగా వింతల రూపంలోనే మన ఇంట్లోకి వస్తుంది. టొమాటోని కూరగాయ కిందే లెక్కేసి సుంకం కట్టాలని 1893లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందని ఒకరోజు, పెన్సిల్వేనియాలో గ్రౌండ్‌హాగ్ అనే ఉడుత జాతి జంతువు తన నీడ చూసుకుంటే ఇంకో ఆరు వారాలు చలి తప్పదని ఇంకోరోజు. ఐదో తరగతి చదివే మా పాప ఇలా మోసుకొచ్చినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది బోస్టన్ మొలాసిస్ వరద. మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే చిక్కటి పాకం.

1919 జనవరి 15 మధ్యాహ్నం బోస్టన్‌లోని నార్త్ ఎండ్ అనే పేటలో 50 అడుగుల ఎత్తున్న స్టీలు ట్యాంకు బద్దలై, సుమారు 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్ వీధిలోకి దూకింది. 21 మంది చనిపోయారు, దాదాపు 150 మంది గాయపడ్డారు. స్కూల్లో ఇది విని అందరూ నవ్వారట. పాకంలో మునిగిపోవడమంటే పిల్లలకి కార్టూన్‌లాగే అనిపిస్తుంది మరి.

అనకాపల్లిలో ఉన్న మా నాన్నగారికి వీడియో కాల్‌లో ఇదే కథ చెప్పింది. చుట్టూ బెల్లం వండే ఊళ్ళ మధ్య బతికిన మనిషి కదా, ఆయన నవ్వలేదు. "చలికాలంలో పాకం కదలదు కదమ్మా, మనుషులు పరిగెత్తి తప్పించుకోలేకపోయారా?" అని అడిగారు. ఆ ప్రశ్నతో ఇద్దరం చదవడం మొదలుపెట్టాం. మొలాసిస్ నీళ్ళకంటే సుమారు 40 శాతం బరువు, అంత ఎత్తున నిలవున్నది ఒక్కసారిగా పడితే ఆ బరువే దాన్ని తోస్తుంది, అందుకే గంటకి 35 మైళ్ళ వేగంతో వచ్చిందని అంచనా. పైగా రెండు రోజుల ముందే ఓడలోంచి వెచ్చటి సరుకు అందులోకి పంపు చేశారు. బయటికొచ్చాక చలికి అది గట్టిపడింది, తాతయ్య చెప్పినట్టే, దాంతో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగడం ఇంకా కష్టమైంది.

తర్వాత చదివింది మాకు నిద్ర పట్టనివ్వలేదు. 1915లో హడావిడిగా కట్టిన ఆ ట్యాంకు మొదటినుంచీ కారుతూనే ఉంది. కట్టడం చూసుకున్న అధికారి ఇంజినీర్ కాదు. కారుతోందని పనివాడు చెబితే కంపెనీ చేసిందేమిటంటే, మరకలు కనబడకుండా గోధుమ రంగు వేయించడం! ఆ చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా ఇటలీ నుంచి వలస వచ్చిన పేదలు, చాలామందికి పౌరసత్వం లేదు, ఓటూ లేదు, పెద్ద ట్యాంకు మా ఇళ్ళ పక్కన వద్దని గట్టిగా అనగలిగే పరిస్థితి లేదు. వాళ్ళ పిల్లలు కారేదాన్ని డబ్బాల్లో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. చనిపోయినవాళ్ళలో పదేళ్ళ పిల్లలు ఇద్దరున్నారు.

"పదేళ్ళంటే నా వయసే కదమ్మా?" అంది పాప.

నేను మాట మార్చలేదు, ఈ వయసు పిల్లలకి ఇలాంటివి దాచాలని నేను అనుకోను. అరాచకవాదులు, అంటే ప్రభుత్వాలే వద్దనేవాళ్ళు, బాంబు పెట్టారని కంపెనీ వాదించిందనీ, అప్పట్లో ఇటాలియన్లంటే ఉన్న అనుమానం ఆ వాదనకి కలిసొచ్చేదనీ, అయినా బాధితులు కోర్టుకెళ్ళి ఏళ్ళ తరబడి విచారణలో నిలబడితే 1925లో తప్పు కంపెనీదేనని తేలిందనీ, నష్టపరిహారం కట్టించారనీ కూర్చోబెట్టి చెప్పాను. వీసా కాగితాల టెన్షన్ మా ఇంట్లోనూ ఉంది, నోరు తెరిస్తే ఏమవుతుందోనన్న భయం ఎలా ఉంటుందో తనకి విడిగా చెప్పక్కర్లేదు.

సంక్రాంతి, రామాయణం "మన" చరిత్ర, జార్జ్ వాషింగ్టన్ "వాళ్ళ" చరిత్ర అని గీత గీసి పెంచే ఇళ్ళు చాలా చూశాను. నాకది నచ్చదు. ఓటు లేకుండా, ఇంగ్లీషు సరిగ్గా రాకుండా వచ్చి, కోర్టులో గెలిచిన ఆ కుటుంబాల చరిత్ర మా పాపదే, తను ఇక్కడే పుట్టింది.

ఇప్పుడు ఏ వింత కథ తెచ్చినా, అప్పుడు అక్కడ ఎవరు ఉండేవాళ్ళు, ముందే ఎవరైనా హెచ్చరించారా అని తనే వెతుకుతోంది. టొమాటో కేసు ఇంకా తేలలేదు, సుంకం కట్టిన వ్యాపారి ఎవరో తెలుసుకోవాలట, శనివారం లైబ్రరీకి వెళ్తున్నాం.