వట్టివేరు సెంటుతో నా ఆరు వారాలు

మూడో రోజు సాయంత్రానికి ఆ సీసాను ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి కొట్టుకున్న సెంటు తొమ్మిదింటికల్లా మాయం. మణికట్టు ముక్కుకి ఆనించి ఎంత గట్టిగా పీల్చినా ఏమీ తెలియడం లేదు. తక్కువ ధరకు వచ్చింది కదా, ఇంతేనేమో అని సరిపెట్టుకున్నాను. ఆ అనుకోవడం ఎంత పొరపాటో పూర్తిగా అర్థం కావడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఆ సెంటు పేరు ఆంక్ర్ న్వార్. గాజు వస్తువులకు పేరున్న లాలిక్ సంస్థ 2006లో తెచ్చింది. తయారుచేసినది నతాలీ లోర్సన్. ఫ్రెంచిలో ఆ పేరుకి నల్ల సిరా అని అర్థం. సీసా కూడా సిరా బుడ్డిలాగే ఉంటుంది, నలుచదరంగా, నల్లగా, లోపల ఎంత మిగిలిందో బయటికి కనిపించకుండా. మగవాళ్ల సెంట్లలో చెక్క వాసనలున్నవి కావాలని, అవీ చవకలో కావాలని అడిగితే చాలామంది చెప్పే పేర్లలో ఇదొకటి. లోపల ప్రధానంగా ఉన్నది వట్టివేరు. దానికి పైన సైప్రస్ చెట్టు వాసన, కింద మెత్తగా కస్తూరి లాంటి వాసన. వట్టివేరుని ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ వెటివర్ అంటారు. ఆ మాట తమిళం నుంచి వెళ్లింది. మన 'వేరు' అందులో అలాగే ఉండిపోయింది. నాకు ఆ సీసా మీద ఆశ పుట్టడానికి ఇదీ ఒక కారణమే.

దానికి ముందు ఇంకో సెంటు వాడాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. డబ్బా మీద గంధం, దేవదారు అని రాసి ఉంది. కొట్టుకుంటే గంధమూ లేదు, దేవదారూ లేదు, ముక్కు లోపల గీసినట్టుండే ఒక ఘాటు మాత్రం మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. రెండు రోజులు తలనొప్పితో పడుకున్నాక దాన్ని పక్కన పెట్టేశాను. అందుకే ఈసారి తొందరపడి ఏ తీర్పూ ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. అయినా మూడో రోజుకే ఓపిక అయిపోయింది.

మొదటి రోజు ఐదు స్ప్రేలు కొట్టుకున్నాను. మెడకి అటూ ఇటూ, గొంతు కింద, రెండు మణికట్ల మీద. వట్టివేరు అనగానే చల్లగా, కాస్త తీయగా ఉంటుందని ఊహించుకున్నాను. వచ్చిన వాసన వేరు. అప్పుడే తవ్వి తీసిన వేళ్లు, వాటికంటుకున్న తడిమట్టి, దూరంగా ఎక్కడో ఆరిపోతున్న పొగ, వీటన్నిటి మీదా ఆకు నలిపినట్టు ఒక పచ్చి ఘాటు. చీకటిగా ఉంది అనిపించింది. వాసనకి చీకటి ఏమిటని మీరు అడగవచ్చు, నాకు ఇంకో మాట దొరకలేదు. పావుగంటకి ఆ పచ్చిదనం తగ్గింది. ఇంకో అరగంటకి మెత్తబడింది. ఆ తర్వాత, నా లెక్కలో, ఏమీ లేదు.

మూడో రోజు సాయంత్రం నేనూ చెల్లీ కలిసి బయటికి బయలుదేరాం. పొద్దుటిది పోయింది కదా అని ఇంకో నాలుగు స్ప్రేలు కొట్టుకుని కారెక్కాను. తలుపు వేయగానే చెల్లి తన వైపు అద్దం దించేసింది.

"అన్నయ్యా, మళ్లీ కొట్టావా?"

"పొద్దుటిది ఎప్పుడో పోయిందే."

"నీకు పోయిందేమో. మధ్యాహ్నం నీ పక్కన కూర్చున్నప్పుడు కూడా నాకు వచ్చింది. తడిసిన చెక్కలాగా. అప్పుడు బాగుంది. ఇప్పుడు మాత్రం ఊపిరాడటం లేదు."

నాకు సిగ్గేసింది. తొమ్మిది స్ప్రేలు మోస్తూ, నా మీద ఏ వాసనా లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రెండు రోజులూ నా చుట్టూ కూర్చున్నవాళ్లు ఏమీ అనలేదంటే అది వాళ్ల మర్యాద. సెంటు గురించి ముఖం మీద చెప్పడం ఎవరికైనా ఇబ్బందే.

ఆ రాత్రి కూర్చుని ముక్కు పనిచేసే తీరు గురించి చదివాను. మన ముక్కులో వాసనల్ని పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉంటాయి. ఈ గ్రాహకాల కుటుంబాన్ని కనిపెట్టినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ఆ గ్రాహకాలు స్పందించడం తగ్గిస్తాయి, మెదడు కూడా దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కొత్త వాసన ఏదైనా వస్తే పట్టుకోవడానికి అదొక ఏర్పాటు. అంటే వాసన చర్మం మీదే ఉంటుంది, దాన్ని మోస్తున్న మనిషికి మాత్రం అందదు.

చెక్క వాసనలతో ఈ చిక్కు ఎక్కువ. నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ఎక్కువగా ఉండే లిమొనీన్ చాలా తేలికైన అణువు. దాని అణుభారం 136. గబుక్కున ఎగిరి వచ్చి పావుగంట, అరగంటలో వెళ్లిపోతుంది, అందుకే వచ్చిందీ పోయిందీ రెండూ స్పష్టంగా తెలుస్తాయి. వట్టివేరు, గంధాల్లో ఉండేవి 200 దాటిన బరువైన అణువులు. నెమ్మదిగా, సన్నగా, గంటల తరబడి లేస్తూనే ఉంటాయి. అలాంటి సన్నని ధారకే ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. ఇంకా కొన్ని వాసనలైతే కొందరికి పుట్టుకతోనే అందవు. నేటి చెక్క సెంట్లలో విరివిగా వాడే 'ఐసో ఈ సూపర్' అనే పదార్థం అలాంటిదే. 1973లో ప్రయోగశాలలో పుట్టిన ఈ పదార్థం ఒకసారి తెలిసి, ఒకసారి తెలియక, మళ్లీ తెలిసి దోబూచులాడుతుందని వాడినవాళ్లు చెబుతుంటారు.

ఇది చదివాక ధర గురించి నాకున్న చిన్నచూపు కూడా పోయింది. గంధం చెట్టు చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. వట్టివేరుని తవ్వి, కడిగి, ఆవిరి పట్టి గంటల తరబడి బట్టీలో ఉంచితేగానీ కొద్దిపాటి నూనె రాదు. అన్నీ సహజమైనవే పోసి చేస్తే ఆ సీసా నా చేతికి అందేది కాదు. చవక సెంట్లలో చెక్క వాసనలు మంచివి దొరుకుతున్నాయంటే, ప్రయోగశాలలో చేసిన చెక్క పదార్థాలు తక్కువ ఖర్చుకి, ఎక్కువసేపు నిలిచేలా వస్తున్నాయి కాబట్టే. నన్ను తలనొప్పితో పడుకోబెట్టిన సెంటులోనూ అలాంటివే ఉండి ఉంటాయి. ఎంత వేయాలి, దేని పక్కన వేయాలి అన్నది కలిపే మనిషి చేతిలో ఉంది. ఆ తేడాని ఇప్పుడు నా ముక్కు గుర్తుపడుతుంది, డబ్బా మీది మాటల్ని నేను పట్టించుకోవడం మానేశాను.

మర్నాడు ఒక నోటుబుక్కు తీసి రెండు గళ్లు గీశాను. ఒకటి 'నాకు', ఒకటి 'చెల్లికి'. ఒకే ఒక్క స్ప్రే, ఎడమ మోచేతి మడతలో. గంటకోసారి నేను వాసన చూసి రాయడం, చెల్లి వేరుగా చూసి చెప్పడం. మొదటి రోజు నా గడిలో నలభై నిమిషాల దగ్గర 'లేదు' అని పడింది. చెల్లి గడిలో మూడు గంటల దాకా 'చేయిచాపు దూరంలో వస్తోంది', ఏడో గంటకి 'దగ్గరికొస్తే ఉంది'. వారం రోజులు ఇలాగే చేశాం. అంకెలు అటూ ఇటూగా అవే.

అసలు తప్పు ఎక్కడుందో ఆ వారంలోనే దొరికింది. నేను కొట్టుకుంటున్నది మెడ మీద, గొంతు కింద, అంటే నేరుగా ముక్కు కింద. రోజంతా ప్రతి ఊపిరితోనూ అదే లోపలికి వెళుతుంటే ముక్కు చెవిటిదైపోక ఏమవుతుంది! చోటు మార్చాను. ఒక స్ప్రే చొక్కా లోపల ఛాతీ మీద, ఇంకొకటి మెడ వెనక. అంతే, రెండే. స్నానం చేశాక వాసన లేని మాయిశ్చరైజర్ కొంచెం రాసుకుని దాని మీద కొట్టుకుంటే నా పొడిచర్మం మీద ఇంకాస్త నిలిచింది. మణికట్లు ఒకదానికొకటి రుద్దే అలవాటు మానేశాను, ఆ వేడికి పైపై వాసనలు ముందే ఎగిరిపోతాయంటారు. కోటు లోపలి అంచున కొడితే రోజుల తరబడి ఉంటుంది. కానీ లేతరంగు బట్టల మీద మరక పడే వీలుంది కాబట్టి వాటి జోలికి వెళ్లను.

చోటు మార్చాక ఒక వింత జరిగింది. పనిలో మునిగి ఉండగా, కుర్చీలోంచి లేచినప్పుడో ఒంగి ఏదైనా తీసినప్పుడో, చొక్కా లోపలి నుంచి ఒక్క క్షణం ఆ వేరు వాసన పైకి వచ్చి పోయేది. పచ్చి ఘాటు పోయి, పొడిగా, శుభ్రంగా, పాత బీరువా తలుపు తెరిచినప్పటిలా. వెంటపడి వెతికితే దొరకదు. దానంతటదే వస్తుంది.

మొదటి పావుగంట నచ్చడానికి మాత్రం నాలుగో వారం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు వాన పడి గాలి తేమగా, చల్లగా ఉంది. కొట్టుకోగానే వచ్చిన తడిమట్టి వాసన, కిటికీలోంచి వస్తున్నదీ ఇదీ ఒకటే అనిపించేంతగా కలిసిపోయింది. మండే ఎండలో ఇదే సెంటు పొగ ఎక్కువై బరువుగా ఉంటుంది, అప్పుడు ఒక్క స్ప్రేతో ఆపేస్తాను. ఇంకొకటి, మూసిన గదిలో ఎక్కువమందితో కూర్చోవాల్సిన రోజు అసలు కొట్టుకోను. ఆ కారు అద్దం దిగిన చప్పుడు నాకింకా గుర్తుంది.

ఆరో వారంలో పని మీద నాలుగు రోజులు బయట ఉండాల్సి వచ్చింది. సీసా తీసుకెళ్లలేదు. తిరిగి వచ్చి గది తలుపు తీసి లోపలికి అడుగు పెట్టానో లేదో, ఆగిపోయాను. కొక్కేనికి వేలాడుతున్న కోటులోంచి వస్తోంది. తడిసిన చెక్క, కాస్త పొగ, వాటి వెనక ఒంటికి దగ్గరగా ఉండే ఒక మెత్తదనం. ఆ వారమంతా చెల్లి తన గడిలో రాయించిన మాటలన్నీ అక్షరాలా అవే. సంచి కింద పెట్టి, దీపం కూడా వేయకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను. పది నిమిషాలకి అది మళ్లీ పలచబడటం మొదలుపెట్టింది. అప్పుడు వెళ్లి నోటుబుక్కు తీసి, తేదీ వేసి, 'నాకు' అన్న గడిలో 'గుమ్మం దగ్గరికే తెలిసింది' అని రాసుకున్నాను.