చిన్నమ్మ చెప్పులు

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈ పొద్దు చిన్నమ్మ పాల బూత్ దాకా వచ్చింది. మా గేటు నుంచి వంద అంగలు కూడా ఉండదు. అయినా ఇది రాసిపెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మూడేళ్ళ కిందట మా ఊరి ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక బట్టల కొట్లో ఉన్నట్టుండి ఆమెకు గుండె దడ మొదలైంది. ఒళ్ళంతా చెమటలు, ఊపిరాడలేదు. గుండెపోటేమోనని ఆస్పత్రికి పరుగెత్తాం. ఈసీజీ బాగుంది, ఏమీ లేదు, ఊరికే టెన్షన్ అన్నారు. ఆ 'ఏమీ లేదు' నెత్తిన పెట్టుకుని మేము ఏడాది పోగొట్టుకున్నాం. ఆమె మొదట బజారు మానేసింది, తర్వాత బస్సు, తర్వాత పెళ్ళిళ్ళు, చివరికి వీధి గడప. దిష్టి తీయించాం, పెద్ద దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాం. మొండితనం అని నేను కూడా ఒకసారి అన్నా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

దానికో పేరుందని నాకు తెలిసింది 'షేమ్‌లెస్' అనే అమెరికన్ సీరియల్లో షీలాను చూశాకే. 2011లో మొదలైన సీరియల్ అది, కథంతా షికాగోలో. షీలా ఇంట్లో నేలంతా ప్లాస్టిక్ కవర్లు పరిచి ఉంటాయి, ఎవరొచ్చినా చెప్పులు విప్పాల్సిందే. వంటలు బ్రహ్మాండంగా చేస్తుంది, గడప మాత్రం దాటలేదు. ఆమె భయాన్ని చాలాచోట్ల నవ్వులకు వాడుకున్నారు, అది నాకు నచ్చలేదు. కానీ తలుపు దగ్గర నిలబడ్డ జోన్ క్యుసాక్ (షీలాగా వేసిన నటి) ముఖంలో నాకు మా చిన్నమ్మే కనిపించింది. ఆ పాత్రకు ఆమెకు 2015లో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. ఐదో సీజన్లో ఇల్లు పేలిపోయాక షీలా ఒక పెద్ద బండి తీసుకుని ఒక్కతే ఊరు దాటి వెళ్ళిపోతుంది. గడప దాటలేని మనిషి! ఆ రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను.

ఆ జబ్బు అగోరాఫోబియా. 1871లో వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ డాక్టర్ పెట్టిన పేరు. గ్రీకులో అగోరా అంటే జనం కూడే చోటు, సంత. ఏడు దారులు కలిసే మా కూడలికి ఇంతకంటే సరిపోయే మాట ఏముంటుంది? అసలు భయం సంత మీద కాదు, అక్కడ ఒంట్లో ఏదైనా అయితే తప్పించుకోలేనేమో, ఆదుకునేవాళ్ళు ఉండరేమో అన్నదాని మీద. భయపడి ఇంట్లోకి పరుగెత్తిన ప్రతిసారీ హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని పెంచి పోషిస్తుందని సైకాలజిస్ట్ మేడమ్ చెప్పింది. భయం పైకెక్కినప్పుడు వెనక్కి తిరగకుండా, అది దిగేదాకా అక్కడే నిలబడాలట. వినడానికి ఎంత తేలికో!

పొద్దున ఆరింటికి బయల్దేరాం. చిన్నమ్మ కొత్త చెప్పులు వేసుకుంది. కొని ఏడాది దాటినా అడుగున ధర స్టిక్కర్ ఇంకా అట్లే ఉంది. గేటు గొళ్ళెం మీద చెయ్యేసి చాలాసేపు ఆగింది, నేను ఏమీ అనలేదు. వేపచెట్టు దగ్గరికి రాగానే పక్కనుంచి బైకొకటి గట్టిగా హారన్ కొట్టుకుంటూ పోయింది. చిన్నమ్మ నా మణికట్టు పట్టేసుకుంది. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"ఇంటికి పోదాం పా పాపా."

"పోదాం చిన్నమ్మా. కొంచెం తగ్గినాక పోదాం."

ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు వణుకుతున్నాయి. నాకూ గుండె కొట్టుకుంటోంది, ఇంటికి తీసుకుపోదామా అని రెండుసార్లు అనిపించింది. ఫోన్‌లో టైమ్ చూస్తూ నిలబడ్డా. ఏడో నిమిషంలో వేళ్ళ పట్టు కొంచెం సడలింది. కళ్ళు తెరిచి బూత్ వైపు చూసి, "పాలు అయిపోతాయేమో, నడు" అంది.

రెండు ప్యాకెట్లు తనే అడిగి తీసుకుంది. చిల్లర లెక్కపెట్టుకుంది కూడా.

మధ్యాహ్నమంతా అలసటతో పడుకునే ఉంది. సాయంత్రం చెప్పులు తిరగేసి చూస్తే స్టిక్కర్ మీద అంకెలు కనపడనంత దుమ్ము. తుడవబోతే వద్దంది. ఇందాక పడుకోబోతూ పిలిచి, "రేపు పెరుగుకు నేనే పోతా. నువ్వు ఆ వేపచెట్టు కాడ నిలబడు చాలు" అంది.

ఐదూ నలభై ఐదుకి అలారం పెట్టుకున్నా.