గడ్డి ఆగిపోయిన చోట: బెర్కా బురద అగ్నిపర్వతాలు

రొమేనియాలోని బుజావ్ జిల్లాలో బెర్కా అనే ఊరు దాటాక రోడ్డు పచ్చటి గుట్టల మధ్య ఎక్కుతూ పోతుంది. కారు దిగి కాస్త నడిచేసరికి గడ్డి ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కడి నుంచి అంతా బూడిద రంగు నేల, పగుళ్లు, అక్కడక్కడా మనిషిని మించిన మట్టి దిబ్బలు. ఆ చోటి పేరు పక్లెలె మిచ్.

ఒక దిబ్బ ఎక్కి బిలంలోకి చూశాను. బురద మెల్లగా ఉబ్బి, బుడగ పగిలి, అంచు దాటి వాలు మీదుగా జారింది. వేలు పెడితే చల్లగా తగిలింది! ఇక్కడ లావా లేదు. దాదాపు 3,000 మీటర్ల లోతు నుంచి తన్నుకొచ్చే వాయువు, ఎక్కువగా మీథేన్, దారిలో ఉప్పునీటినీ బంకమట్టినీ పైకి మోసుకొస్తుంది. 1867లో చమురు కోసం వెతుకుతూ వచ్చిన ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త కొకాన్ కంట ఇవి పడ్డాయి.

చూడ్డానికి చచ్చిన నేల. నిజానికి ఆ ఉప్పును తట్టుకునే మొక్కలు దాని అంచుల్లోనే బతుకుతున్నాయి. వాటిలో నైట్రేరియా షోబెరి అనే ముళ్ల పొద మధ్య ఆసియా వైపుది. ఇంత పడమరకు వచ్చి, ఈ ఉప్పు మట్టిని పట్టుకుని నిలబడింది. ఆ పొద దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

ఈ ప్రాంతాన్ని 1924లోనే రక్షిత స్థలంగా ప్రకటించారు. 2022లో చుట్టుపక్కల ప్రాంతమంతా యునెస్కో జియోపార్క్, అంటే భూగర్భ విశేషాల వల్ల యునెస్కో గుర్తించిన ప్రాంతం, అయింది. అయినా మేం వెళ్లినప్పుడు తడి బురద మీద ఎక్కడ చూసినా బూట్ల గుర్తులే. కొందరు కర్రతో పేర్లు కూడా రాశారు. కొత్త బురద పారి, ఎండి, వాన కోసిన కాలువలతో ఈ నేల తన రూపం తానే తెచ్చుకుంటుంది. ఆ పారుదల మధ్యలో తొక్కితే దాని దారే మారిపోతుంది. పైగా పైపొర గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది. మనిషికీ ప్రమాదమే.

తర్వాత ఇలాంటిదే మరో చోటు, పక్లెలె మారికి వెళ్లాం. అక్కడ దిబ్బలు తక్కువ, బురద మడుగులు ఎక్కువ. ఈసారి మేం ఎండి గట్టిపడిన కాలిబాట వదల్లేదు. దూరం నుంచి కూడా బుడగలు పగిలే చప్పుడు బాగానే వినిపించింది.