సమాధులకు రంగు వేయకముందే పేర్లు రాసుకోండి

నల్లగొండ చర్చి చరిత్ర అనగానే చాలామంది ఇంగ్లీషు దొరలు కట్టిందే కదా అనేస్తారు. నిజానికి అప్పట్లో మనది నిజాం రాజ్యం, 1890లో ఇక్కడికొచ్చి మిషన్ మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా అసలు ఇంగ్లీషు వాళ్లే కారు. దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, జర్మన్ మాట్లాడే మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ల ఊళ్ల నుంచి వచ్చి అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ కింద పనిచేశారు. ఇన్ని దేశాలు కలిసిన కథ మన ఊళ్లో ఉందని నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చి రష్యాలోని మెన్నొనైట్లు పంపే సాయం ఆగిపోయాక భారమంతా అమెరికన్ల మీద పడింది. అటు పాలమూరు మిషన్ 1937లో బాప్టిస్టుల నుంచి మెన్నొనైట్లలోనే ఒక శాఖ అయిన మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ల చేతికి మారింది.

ఇదంతా మిషన్ రిపోర్టుల్లో ఉంది, ఎక్కడికీ పోదు. నా బెంగ సమాధుల తోట గురించే. ఊరూరూ నడిచి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలు, బోర్డింగ్ స్కూలు పంతుళ్లు, ఆసుపత్రి కాంపౌండర్లు, వీళ్లు లేకుండా దొరలు ఏం చేయగలిగేవారు? వాళ్లలో చాలామంది పేర్లు రాయి మీద ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే.

మా తాతమ్మ సమాధి మీద షాబాద్ బండ వేశారు. ఏటా నవంబరు 2న సమాధుల పండుగకు ముందు సున్నం కొట్టేవాళ్లు, తర్వాత నీలం పెయింట్ మొదలైంది. పొర మీద పొర పడి అక్షరాల గుంటలు పూడిపోయాయి. పెయింట్ లేచిన చోట రాయి కూడా పెచ్చులూడి, "ప్రభువునందు నిద్రించిన" అన్నంత వరకే మిగిలింది, కింద పేరు సగం పోయింది. ప్రేమతో వేసిన రంగే అది, అందుకే ఇంకా బాధ.

కాబట్టి ఈసారి రంగు డబ్బా తెరవకముందే ఫోటో తీయండి. చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ రాయికి పక్క నుంచి, బాగా ఏటవాలుగా వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడ పడి తేలతాయి. యాసిడ్, ఇనుప బ్రష్ అస్సలు వద్దు, షాబాద్ బండ సున్నపురాయి, యాసిడ్ తగిలితే పొంగి కరుగుతుంది. పేరు, ఊరు, తేదీలు ఉన్నవి ఉన్నట్టు నోట్‌బుక్‌లో రాసి ఒక కాపీ పాస్టరు గారికి ఇవ్వండి. వెళ్లేటప్పుడు సంఘంలో పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి, రాయి కూడా లేని మట్టి దిబ్బలు ఎవరివో వాళ్లే చెప్పగలరు.