దేవరకొండ కోటలో గయుడు

మన పద్యనాటకాన్ని పాచికలతో ఆడే సాహసకథగా మార్చొచ్చు. కాకపోతే అన్ని నాటకాలూ లొంగవు, లొంగినవి కూడా ఉన్నవి ఉన్నట్టు రావు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్నవాళ్లు ఈ పని మొదలుపెట్టేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నాటకంలో సగం పుస్తకంలో ఉండదు, చూసేవాళ్ల మనసులో ఉంటుంది. మన పిల్లల దగ్గర లేనిది ఆ సగమే.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తెచ్చిన ఆట. దీనికి గడులు గీసిన బోర్డు ఉండి తీరాలనేమీ లేదు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, "నేను గోడ ఎక్కుతా", "నేను కాపలావాణ్ణి మాటల్లో పెడతా" అంటారు. పని అవుతుందా లేదా అన్నది చాలావరకు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఓ మోస్తరు కష్టమైన పనికి 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అంతే. మా పెద్దది హైస్కూల్లో చేరినప్పటి నుంచి ఇదే లోకం. డాలస్‌లో మా ఇంటి భోజనాల బల్ల మీద వారానికోసారి నలుగురైదుగురు పిల్లలు గుమిగూడి అరుచుకుంటారు. నేను సమోసాలు అందిస్తూ వింటుంటాను.

ఇంగ్లిష్ క్లాసులో మాక్‌బెత్ చదివిన ఏడాది దాన్నే ఆటగా కట్టింది. ఆటగాళ్లెవరికీ మాక్‌బెత్ పాత్ర ఇవ్వలేదు. రాజు డంకన్ హత్య జరిగిన రాత్రి కోట బయట కాపలా కాసే సిపాయిలను చేసింది. "హీరోని ఆటగాళ్లకిస్తే వాళ్లు నాటకంలో ఉన్నట్టే చేస్తారు, లేదా కావాలని తిరగేస్తారు. పక్కన నిలబెడితేనే వాళ్ల బుర్రతో ఆలోచిస్తారు" అని దాని వాదన. బాగానే ఉంది. కానీ మన నాటకాల దగ్గరకొచ్చేసరికి ఈ సూత్రం పనిచేయదని నాకనిపించింది, చెప్పాను. అది ఒప్పుకోలేదు. పోయిన ఎండాకాలం దేవరకొండలో మా అమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఆ వాదనకు పరీక్ష పెట్టుకున్నాం.

టెక్సాస్‌లో బడులు మే నెలాఖరుకు మూస్తారు, తెలంగాణలో జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ మధ్య దొరికే కొద్ది రోజుల్లోనే మా పిల్లలూ తమ్ముడి పిల్లలూ ఒకచోట ఉంటారు. పదకొండు దాటితే నల్లగొండ జిల్లా ఎండలో ఎవరూ గడప దాటరు. ఇంట్లో సాప పరిచి, కూలర్ ముందు కూర్చుని ఆడుకునేందుకు అంతకంటే మంచి సమయం ఉండదు.

ఏ నాటకం అన్నదానికే ఒక పూట పట్టింది. మా అమ్మ హరిశ్చంద్ర అంది. ఆ తరం వాళ్లందరి మొదటి మాట అదే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం, అందులో జాషువా పద్యాలు కలిపి పాడే కాటిసీను కోసం తెల్లవార్లూ కూర్చున్న జనం వాళ్లు. కథ చెప్పగానే మా చిన్నోడు, "ఒక్క అబద్ధం చెప్తే అయిపోతుంది కదా" అన్నాడు. అమ్మ మొహం మాడ్చుకుంది. నన్నడిగితే వాడి ప్రశ్నలో తప్పులేదు. ఆ నాటకంలో కష్టం పెరుగుతూ పోతుంది గానీ దారి మారదు. ఆలిని అమ్మినా, కొడుకు శవం ముందున్నా హరిశ్చంద్రుడి జవాబు ఒక్కటే. చూడ్డానికి అదే దాని గొప్పతనం, ఆడ్డానికి అదే అడ్డం. పాచిక వేయాల్సిన చోటే రాదు.

పాండవోద్యోగ విజయాలు కూడా పక్కన పెట్టాం. తిరుపతి వేంకట కవుల పద్యాలంటే నాకు ప్రాణం. వాళ్లది గోదావరి వైపైనా గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకొచ్చి అవధానాలు చేసినవాళ్లు కాబట్టి మా పాలమూరు చుట్టాలు వాళ్లను సొంతవాళ్లలాగే చెప్పుకుంటారు. కానీ రాయబారం చెడుతుందని అందరికంటే ముందు కృష్ణుడికే తెలుసు. చెడి తీరాల్సిన సంధికి ఎన్ని పాచికలేసి ఏం లాభం? మాయాబజారు కథ మాత్రం అచ్చంగా ఈ ఆట కోసమే పుట్టినట్టుంటుంది. మారువేషాలు, పెళ్లికూతురి మార్పిడి, మాయతో కట్టిన విడిది. దాన్ని తర్వాతికి దాచుకున్నాం.

చివరికి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం దగ్గర ఆగాం. వ్యాసుడి భారతంలో లేని కథ ఇది. గయుడనే గంధర్వుడు విమానంలో పోతూ ఉమ్మిన తాంబూలం, కింద సూర్యుడికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. కృష్ణుడు వాణ్ణి చంపుతానని శపథం చేస్తాడు. గయుడు ఎక్కడికి పోయినా తలుపు తెరవరు. చివరికి అర్జునుడి కాళ్ల మీద పడతాడు. ఎవరు తరుముతున్నారో అడక్కుండానే అర్జునుడు అభయమిస్తాడు. ఆ తర్వాత తెలుస్తుంది, ఎదుట నిలబడాల్సింది తన బావతోనే అని. ఇందులో దుర్మార్గుడంటూ ఎవడూ లేడు. ఇద్దరివీ నిలబెట్టుకోవాల్సిన మాటలే.

మా పెద్దదానికి కథ నచ్చింది. చిక్కు ఎక్కడుందో కూడా వెంటనే పట్టేసింది. ఈ ఆట ఆడేవాళ్లు అనుమానం మనుషులు. ఎవడైనా పరుగెత్తుకొచ్చి కాపాడమంటే ముందు వాడి జేబులు వెతుకుతారు. అర్జునుడిలా కళ్లు మూసుకుని ఎవరు మాటిస్తారు? బలవంతంగా ఇప్పిస్తే అది ఆట కాదు. దానికి జవాబు నాటకంలోనే దొరికింది. గయుడు తలుపు తలుపుకూ తిరగడం చదివేటప్పుడు సాగదీసినట్టు అనిపిస్తుంది గానీ, మాట ఇప్పించేది అదే. మా పెద్దది కథను దేవరకొండ కోటలో పెట్టింది. చుట్టూ ఏడు గుట్టలు, రేచర్ల పద్మనాయకుల నాటి బురుజులు. పిల్లలంతా ఎక్కి చూసిందే కాబట్టి మ్యాపు గీయాల్సిన పనిలేదు. పారిపోయి వచ్చినవాడు ఒక్కో ద్వారం దగ్గర ఆగడం, లోపలివాళ్లు మొహం మీదే గడియ వేయడం ఆటగాళ్ల కళ్ల ముందే జరిగేటట్టు చేసింది. మూడో తలుపు మూసుకోగానే మా చిన్నోడు, "మా దగ్గరికి రా, చూద్దాం" అనేశాడు. అరే, ముందు ఎవడో కనుక్కోరా అంటూ పక్కింటి పిల్ల ఆపబోయింది. మా తమ్ముడి కొడుకు అడ్డం తగిలాడు. "ఇంటికొచ్చినోన్ని ఎవరన్నా ఎల్లగొడ్తరా? రానియ్, తర్వాత అడుగుదాం."

ఇక్కడిదాకా ఒక ఎత్తు. అసలు పని దీనికి ముందే జరిగింది.

మా చిన్నప్పుడు ఊళ్లో చిరుతల రామాయణం ఆడితే, పాత్రధారి పద్యం మర్చిపోయినప్పుడు ముందు కూర్చున్న ముసలాయన అందించేవాడు. కథ అందరికీ తెలుసు. కృష్ణుడి మీదికి అర్జునుడు బాణం ఎక్కుపెడితే ఒళ్లు జలదరించడానికి కారణం ఆ ఒక్క సీను కాదు, పుట్టినప్పటి నుంచి విన్న కృష్ణుడి కథలన్నీ వెనకాల ఉండటం. చిలకమర్తి గారు ఆ ప్రేమను పుట్టించాల్సిన పనిలేదు, జనం ఇంటి నుంచి తెచ్చుకునేవారు. డాలస్‌లో పుట్టిన నా కొడుక్కి కృష్ణుడంటే పూజగదిలో పటం, ఆదివారం తెలుగు బడిలో రంగులేసిన బొమ్మ. మొక్కుతాడు గానీ చనువు లేదు. చనువు లేనివాడితో యుద్ధమొస్తే బాధేముంటుంది?

అందుకని మా పెద్దది కృష్ణుడి పేరే వాడలేదు (అమ్మ ఎట్లాగూ ఒప్పుకునేది కాదు, పిల్లలు పాచికలేసి దేవుణ్ణి కొట్టడమేంది అనేది). ఉదయ సముద్రం చెరువు గట్టున ఉండే ఒక రాజును తయారుచేసింది. మొదటి రెండు పూటలూ గయుడి ఊసే లేదు. ఆ రాజు వీళ్లకు గుర్రాలిచ్చాడు. పాము కరిచి పడిపోయిన మా చిన్నోడి పాత్రను రాత్రంతా ఒళ్లో పెట్టుకుని బతికించాడు. వీళ్లు చేసిన పిచ్చిపనికి నవ్వి ఊరుకున్నాడు. మాటకు ముందు "ఏం బావా" అని పిలిచేవాడు. వరసకు మా తమ్ముడి కొడుకు మా చిన్నోడికి బావే కాబట్టి, ఆ పిలుపు ఆటలోకీ ఇంట్లోకీ కలిసిపోయింది. అందుకే మూడో రోజు మధ్యాహ్నం, దాక్కున్నవాణ్ణి తరుముతున్నది ఆ రాజే అని తెలిసినప్పుడు సాప మీద కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. తర్వాత నలుగురూ ఒకేసారి మొదలుపెట్టారు. అప్పగిద్దామని పక్కింటి పిల్ల. మాటిచ్చినంక ఎట్ల అప్పగిస్తవని మా తమ్ముడి కొడుకు. అసలు ఉమ్మినంత మాత్రాన చంపుతారా, అది న్యాయమా అని మా చిన్నోడు, ఇంగ్లిషూ తెలుగూ కలిపి.

చూశావా, హీరో స్థానంలో పెడితేనే ఇది వచ్చిందని మా పెద్దదాన్ని దెప్పాను. "ఒక హీరో కాదు మమ్మీ, నలుగురు. అందుకే వచ్చింది" అంది. అర్జునుడు ఒక్కడే లోలోపల పడ్డ పేచీని నలుగురి నోళ్లలో పెట్టిందది. అది ఒప్పుకోవాల్సిందే.

పాచికల సంచి డాలస్‌లోనే ఉండిపోవడంతో అష్టాచెమ్మా చింతగింజలు వాడాం. ఒకవైపు బండకు అరగదీసిన నాలుగు గింజలు. నాలుగు గింజలకు పదహారు రకాలుగా పడే వీలుంది, అందులో మూడు గానీ నాలుగు గానీ తెల్లగా పడేవి ఐదు. అంటే నూటికి 31. ఇరవై ముఖాల పాచికలో 15, ఆపైన పడే అవకాశం నూటికి 30. రెండూ దాదాపు ఒకటే కాబట్టి మూడో నాలుగో తెల్లగా పడితే పని అయినట్టే. మా తమ్ముడి కూతురు నోటుపుస్తకంలో లెక్కేసి చూపిస్తే మా పెద్దది దాన్ని ఫోటో తీసి స్నేహితులకు పంపింది. మరి నాలుగూ నల్లగా పడితే? పాచికలో 1 పడ్డట్టు, ఘోరంగా ఓడినట్టు అని డీఎం తీర్పు. దేవరకొండ పిల్లలెవరూ ఒప్పుకోలేదు. "అష్టా పడితే ఓడుడేంది అక్కా? అన్నిట్లకన్నా పెద్దది గదా!" నిజమే, మన ఆటలో అది ఎనిమిది. పెద్ద రగడే అయ్యింది. చివరికి రాజీ కుదిరింది. అష్టా పడితే పని జరుగుతుంది, కానీ మీరు అనుకోని ధర చెల్లించాలి.

ఇంకో నియమం నేను పెట్టించాను. రాజును ఒప్పించాలంటే గింజలు వేసేముందు ఆ మాట నోటితో అనాలి, రాజుకు తెలుగు తప్ప ఏదీ రాదు. రాజు తరఫున వినేది మా అమ్మ. ఆమెకు నచ్చితే రెండుసార్లు వేసి మంచిది ఎంచుకోవచ్చు. ఈ నియమంతో మా చిన్నోడి తెలుగు బాగుపడిందని అబద్ధం చెప్పను. వాడు బావను రాయబారిగా పంపడం నేర్చుకున్నాడు.

నాటకంలో యుద్ధం ముదిరాక దేవతలు అడ్డుపడి సర్దుతారు. ఆటలో అది పనికిరాదు, ఆడేవాళ్ల చేతిలో పని లాక్కున్నట్టుంటుంది. దారి పిల్లలే వెతుక్కున్నారు. అంతకుముందు వారం పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం చూసొచ్చాం. అక్కడ గర్భగుడిలో పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. అది ఏ స్తంభానిదో కనిపెట్టమని పూజారి అడిగితే పిల్లలు చెప్పలేక తల గోక్కున్నారు. తమ్ముడి కూతురికి అది గుర్తొచ్చింది. "శపథం వాణ్ణి నరకాలని గదా? ఆ గుళ్ల వాని నీడ నిలబెడ్దం. నీడను నరికితే శపథం తీరుతది." రాచకొండ ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు నాటకాల మీద రసార్ణవసుధాకరమనే శాస్త్రమే రాశాడు. ఆయన వింటే ఈ పిల్లకు ఒక మాన్యం రాసిచ్చేవాడేమో.

మా తమ్ముడి కొడుకు రాజు ముందు నిలబడి చెప్పాడు. అమ్మ చాలాసేపు విని, "చెప్పుడు బాగనే చెప్పిండు గని, తప్పు చేసినోడేడి? వాడు రాడా?" అంది. రెండోసారి వేయనివ్వలేదు. వేసిన ఒక్కసారికే నాలుగూ నల్లగా పడ్డాయి. అష్టా.

రాజు నీడను నరికాడు, శపథం తీరింది. కత్తి అక్కడే పడేసి, ఇక మీ మొహం చూడనని వెళ్లిపోయాడు. మా పెద్దది ఆ మాటను అమ్మ చేతే అనిపించింది. మా చిన్నోడు లేచి పోయి మంచం మీద బోర్లా పడుకున్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మను, "అమ్మమ్మా, రాజుకు కోపం ఎన్ని రోజులుంటుంది?" అని అడిగాడు. "ఏమో బిడ్డా, రాజులయి పెద్ద కోపాలు" అంది.

ఇప్పుడు రాజును మళ్లీ మంచి చేసుకునే కథ నడుస్తోంది, వీడియో కాల్‌లో. ఆదివారం మాకు పొద్దున ఎనిమిదంటే దేవరకొండలో సాయంత్రం ఆరున్నర. మాయాబజారు ఇందులోకి రావాలని మా పెద్దది చూస్తోంది, ఘటోత్కచుడు తనకే కావాలని ఇద్దరు పట్టుబట్టారు. గింజలు ఎవరు వేయాలన్నది ఇంకా తేలలేదు. ఇక్కడ వేస్తే వాళ్లు నమ్మరు, అక్కడ వేస్తే వీడు నమ్మడు.