రిటర్నుల గడువు వారంలో 58 కిలోమీటర్లు, రెండు జిమ్ సెషన్లు

ముందు లెక్క చెప్తాను. ఈ వారం అనుకున్నది 70 కిలోమీటర్లు, అయింది 58. జిమ్ రెండుసార్లు, ఒక్కోసారి 50 నిమిషాలు అనుకున్నాను. ఒకసారి 22, ఇంకోసారి 30 నిమిషాలే కుదిరింది. అయినా ఈ మారథాన్ ట్రైనింగ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన వారం ఇదే, ఎందుకంటే ఆదివారం 30 కిలోమీటర్లు చివరిదాకా కాళ్లు నా మాట విన్నాయి. పోయిన వారం వినలేదు.

నేను అకౌంట్స్ పనిలో ఉన్నాను. జూలై 31 ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల గడువు, ఈసారి, 2024లో, బుధవారం పడింది. ఫారం 16 (జీతంలో కోసిన పన్ను లెక్కతో కంపెనీ ఇచ్చే కాగితం) నెలన్నరగా చేతిలో పెట్టుకుని ఆఖరి మూడు రోజుల్లో తెచ్చి ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఆ రోజుల్లో ఇంటికి ఎన్నింటికి చేరతానో నాకే తెలియదు. హైదరాబాద్ మారథానేమో ఆగస్టు ఆఖరి ఆదివారం, అంటే సరిగ్గా ట్రైనింగ్ బరువుగా ఉండే వారాలు, ఆఫీసు బరువుగా ఉండే వారాలు ఒకేచోట పడతాయి. ఇది నా రెండో ఫుల్, అంటే 42.2 కిలోమీటర్ల పూర్తి మారథాన్. టార్గెట్ 4 గంటల 45 నిమిషాలు, పేస్ 6:45, అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 45 సెకన్లు. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ రూట్‌లో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, ఆగస్టు ఉక్కపోత అన్నీ ఉంటాయి కాబట్టి చదును రోడ్డు మీద టైం చూసుకుని పెట్టుకున్న టార్గెట్ కాదు.

పోయిన వారం ఏం జరిగిందంటే, ఆదివారం లాల్‌దర్వాజా బోనాలు, ఇంటికి చుట్టాలు వస్తారని లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు, శనివారానికి జరిపాను. గురువారం చేయాల్సిన జిమ్ ఆఫీసు వల్ల పోయింది. పోనీలే అని వదిలేయకుండా శుక్రవారం రాత్రి పదిన్నరకి స్క్వాట్లు, లంజెస్ మొత్తం పూర్తి చేశాను. ఈ వేళప్పుడు బరువులెందుకమ్మా అని అత్తయ్య అంటూనే ఉన్నారు. పొద్దున లేచినప్పుడు నొప్పి ఏమీ లేదు, అందుకే ధైర్యంగా వెళ్లాను. 17వ కిలోమీటరు నుంచి తొడల ముందు కండరాలు బిగుసుకుపోయి, దిగుడు వచ్చిన ప్రతిచోటా మోకాలు మడత పడుతుందేమో అన్నంత బలహీనంగా అయ్యాయి. పేస్ 8:30కి పడిపోయింది, 26 ఎలాగో ముగించాను.

బరువులెత్తిన నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్యలో ఎక్కువగా తెలుస్తుంది, కానీ నొప్పి రాకముందే కండరంలో బలం తగ్గి ఉంటుంది. అందులోనూ దిగుడులో పరిగెత్తేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు చేసేదీ అదే పని. అంటే ఒకే కండరంతో ఒకే రకం పని పది గంటల్లోపు రెండుసార్లు చేయించాను. లాంగ్ రన్‌ని జరిపినప్పుడు జిమ్‌ని కూడా జరపాలి, లేదా వదిలేయాలి. ఈ వారం అంతా ఆ ఒక్క మాట పట్టుకునే నడిపాను: తప్పిపోయిన జిమ్‌ని లాంగ్ రన్ ముందు రెండు రోజుల్లోకి తోసేది లేదు.

జిమ్ పూర్తిగా మానేయొచ్చు కదా అని మా ఆయన అడిగారు. పోయిన ఏడాది అదే చేశాను, ఎనిమిది వారాలు పరుగు ఒక్కటే. మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలై మూడు వారాలు పరుగు ఆపాల్సి వచ్చింది. తుంటి కండరాలు బలహీనంగా ఉన్నాయని ఫిజియోథెరపిస్ట్ చెప్పి వ్యాయామాలు రాసిచ్చారు. అప్పటి నుంచి తగ్గిస్తాను గానీ మానను.

సోమవారం 6 కిలోమీటర్లు, నిదానంగా, 7:40 పేస్. ముందురోజు బోనాల వంటతో కాళ్ల మీదే నిలబడ్డాను కాబట్టి వాచ్ చూడకుండా పరిగెత్తాను. మంగళవారం సాయంత్రం దొరకదని ముందే తెలుసు, అందుకని పరుగు, జిమ్ రెండూ పొద్దునే పెట్టుకున్నాను. 4:40కి లేచి, కొండాపూర్‌లో మా కాలనీ వెనక ఎత్తురోడ్డు మీద దాదాపు 300 మీటర్లు ఆరుసార్లు ఎక్కి దిగాను, వార్మప్‌తో కలిపి 9 కిలోమీటర్లు. ఇంటికొచ్చి ఒక అరటిపండు, గ్లాసు ఉప్పు మజ్జిగ, పది నిమిషాలు ఆగి డంబెల్స్ తీశాను. 22 నిమిషాల్లో ఏం చేశానంటే, 12 కిలోల డంబెల్ ఒక చేత్తో పట్టుకుని ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (తుంటి దగ్గర ముందుకి వంగి లేవడం) ఒక్కో కాలికి 8 చొప్పున మూడు సెట్లు, కుర్చీ మీదకి స్టెప్ అప్‌లు 8 చొప్పున మూడు సెట్లు, మోకాలు కొంచెం వంచి ఒంటికాలి మీద మడమలెత్తడం 15 చొప్పున రెండు సెట్లు, చివర్లో సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు నిలపడం). సెట్ల మధ్య ఖాళీగా కూర్చోలేదు, కాళ్లు విశ్రాంతి తీసుకుంటుంటే పుషప్‌లు చేశాను. పరుగు ముందు, బరువులు తర్వాత, ఎందుకంటే ఇప్పుడు నాకు ముఖ్యం పరుగు. కష్టమైనవి రెండూ ఒకే రోజు పెడితే మిగతా రోజులు నిజంగా తేలికగా మిగులుతాయి. ఒకరోజు పరుగు, ఒకరోజు జిమ్ అని విడదీసిన వారాల్లో నాకు ఒక్కరోజు కూడా కాళ్లు తేరుకునేవి కావు.

బుధవారం సున్నా. ఎనిమిది కిలోమీటర్లు ఉండాల్సింది. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది, ఒకటిన్నరకి పడుకున్నాను, గురువారం అలారం పెట్టలేదు. నిద్ర కోసుకుని పొద్దున పరుగు ఇరికించే అలవాటు నాకు ఇంతకుముందు ఉండేది, దానివల్ల రెండు రోజులు పాడవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

గురువారం ఆఫీసు నుంచి త్వరగా బయటపడ్డాను. అనుకున్న 12కి బదులు 8 కిలోమీటర్లు, అందులో 4 టెంపో, అంటే నిలకడగా కాస్త కష్టంగా, 6:25 పేస్‌లో. వెంటనే జిమ్‌లో 30 నిమిషాలు. మామూలుగా స్క్వాట్ 55 కిలోలు, ఆ రోజు 45కే ఆపాను, 5 చొప్పున మూడు సెట్లు. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ కూడా 45, తర్వాత కూర్చుని పిక్కల వ్యాయామం. ఒక్కో సెట్ ముగిసేసరికి ఇంకో రెండు మూడు ఎత్తగలను అనిపించేటట్టు చూసుకున్నాను. రాత్రి ఎనిమిదికల్లా అయిపోయింది, అంటే ఆదివారం పొద్దున నాలుగున్నరకి 56 గంటల పైన గ్యాప్. శుక్రవారం పూర్తి విశ్రాంతి. శనివారం 5 కిలోమీటర్లు కాళ్లు కదిలించడానికే.

తిండి సంగతి. నా బరువు 58 కిలోలు, రోజుకి 90 గ్రాముల ప్రొటీన్ చూసుకుంటాను. ఈ వారం నాలుగు రోజులే కుదిరింది. వంటకి టైం లేక అన్నం ఇంట్లో వండి, పప్పు, గుడ్డు కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నాం. నన్ను కాపాడింది ఆదివారం రాత్రే ఉడికించి డబ్బాల్లో పెట్టుకున్న సెనగలు, రోజూ ఆఫీసుకి పట్టుకెళ్లిన మూడు ఉడికించిన గుడ్లు, పెరుగు. సాయంత్రం ఆరింటికి బజ్జీలు తెప్పించేవాళ్లు, ఆ టైంకి నేను డబ్బా తెరిచేదాన్ని.

ఆదివారం. 3:30కి లేచి రెండు బ్రెడ్ ముక్కల మీద తేనె, అరటిపండు, కాఫీ. మా ఆయన పీపుల్స్ ప్లాజా దగ్గర దింపారు. మొదట ట్యాంక్‌బండ్ వైపు వెళ్లివచ్చి 9 కిలోమీటర్లు, తర్వాత రేసు రోజు వెళ్లే వైపే, రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట, కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్, కేబుల్ బ్రిడ్జి మీదుగా గచ్చిబౌలి. ఎక్కుడులో పేస్ పట్టించుకోలేదు, ఊపిరి చూసుకున్నాను. దిగుడులో చిన్న చిన్న అడుగులు, ఒళ్లు వెనక్కి వాల్చకుండా. ప్రతి 40 నిమిషాలకి ఒక ఎనర్జీ జెల్, బాటిల్‌లో ఓఆర్‌ఎస్, దారిలో రెండుసార్లు నింపుకున్నాను. కేబుల్ బ్రిడ్జి మీద 23వ కిలోమీటరు దాటాక కాళ్ల కోసం ఎదురు చూశాను, ఎక్కడ పట్టేస్తాయో అని. పట్టేయలేదు. చివరి నాలుగు కిలోమీటర్లు 6:50లో వచ్చాయి. మొత్తం 3 గంటల 38 నిమిషాలు, సగటు 7:16. స్టేడియం గేటు దగ్గర ఆగినప్పుడు కళ్లలో నీళ్లు వచ్చాయి, అది సంతోషమే.

బరువు ముందు 58.4, తర్వాత 57. తాగింది లీటరున్నర. అంటే చెమటగా పోయింది దాదాపు 2.9 లీటర్లు, గంటకి 800 మిల్లీలీటర్లు. గంటకి 400 చొప్పునే తాగాను, రేసు రోజు 500, 550 దాకా పెంచి చూస్తాను, అంతకంటే ఎక్కువైతే నాకు కడుపులో గడబిడ అవుతుంది.

ఒక మాట, 58లో 30 ఒకే రోజు పరిగెత్తడం మంచి పంపకం కాదు. మే నుంచి వారానికి 50 తగ్గకుండా చేసుకుంటూ వచ్చాను కాబట్టి ఈ ఒక్క వారానికి ఒప్పుకున్నాను. కొత్తగా లాంగ్ రన్‌లు మొదలుపెట్టినవాళ్లు బుధవారం, గురువారం పరుగులు పోతే ఆదివారం కూడా కొంత తగ్గించుకోవాలి.

ఇక తగ్గించుకుంటూ వెళ్లడమే. వచ్చే వారం 48, ఆ తర్వాత 36. జిమ్‌లో బరువు అదే ఉంచి సెట్లు సగం చేస్తాను, ఆఖరి స్క్వాట్ రేసుకి పది రోజుల ముందు. ఎడమ పిక్క కొంచెం పట్టినట్టుంది, నొక్కితే నొప్పి లేదు, నడకలో తెలియడం లేదు. సోమవారం పరుగు తీసేసి చూస్తాను. మంగళవారం పొద్దునకీ అలాగే ఉంటే ఎత్తురోడ్డు మానేసి బొటానికల్ గార్డెన్‌లో మట్టి దారి మీద 6 కిలోమీటర్లు.