హన్మకొండలో ఇల్లు, దోహాలో నేను

ఇంటికి బ్యాంకు నోటీసు వచ్చింది. కిరాయి డబ్బులతోనే కిస్తీ కట్టేవాళ్లం, కిరాయిదారు ఇవ్వడం ఆపేశాడు, ఇక్కడ నాకూ జీతం సరిగ్గా పడలేదు, దాంతో కిస్తీలు ఆగిపోయాయి. తమ్ముడు పంపిన ఫోటోలో గేటుకు అంటించిన నోటీసు, వెనక గోడకు కిరాయిదారు బిగించుకున్న కొత్త ఏసీ. చూడగానే కడుపు మండింది. అడిగితే కోర్టుకు పొమ్మంటాడు!

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నా. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. బ్యాంకు కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద మొదటి నోటీసుకు 60 రోజుల గడువుంటుంది, ఆలోపు రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి, కాబట్టి ఫోన్లో బతిమాలుకుంటూ కూర్చోకుండా కాగితం పెట్టండి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోపు హైదరాబాద్‌లోని డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) పోవచ్చు.

కిరాయిదారును ఖాళీ చేయించడం వేరే కేసు. కోపంలో కరెంటు కట్ చేయించడం, తాళం పగలగొట్టడం వద్దే వద్దు, అది మన మీదికే తిరుగుతుంది.

తమ్ముడి పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి, ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపాను, అందిన 3 నెలల్లోపు దానికి ఇండియాలో స్టాంపు డ్యూటీ కట్టాలి. అమ్మేమో తన బంగారం కుదువ పెడదామంటోంది, నాకు మనసొప్పడం లేదు. బాకీ విడతలుగా కడతామని బ్యాంకుకు దరఖాస్తు పెట్టాం, వకీలు ఈ వారమే కిరాయిదారుకు నోటీసు పంపుతున్నాడు.